‘మీకు తోచినంత’ అని పెడితే 381 మందికి ఏమీ తోచలేదు

తీరంపాట
ఏడు పాటల ఆల్బమ్‌ను ఏ కంపెనీకీ ఇవ్వకుండా సొంత పేజీలో పెట్టి, ధర ఉండాల్సిన చోట ‘మీకు తోచినంత ఇవ్వండి’ అని రాసి రెండు నెలలైంది. నిన్న రాత్రి లెక్క చూసుకున్నాను. 412 మంది డౌన్‌లోడ్ చేసుకుంటే 31 మంది డబ్బు పంపారు, మొత్తం 4,805 రూపాయలు వచ్చాయి. స్టూడియోకు, తోడు వాయించినవారికి, మిక్సింగుకు కలిపి మాకైన ఖర్చు 68,000. విశాఖ ఎంవీపీ కాలనీలో గోడంత టీవీ, దానికి తగ్గ స్పీకర్లు ఉన్న మా కుటుంబ మిత్రులొకరు ఫోన్ చేసి మూడో పాటను ఇరవై నిమిషాలు పొగిడారు గానీ పైసా పంపలేదు. ముఖపరిచయం కూడా లేని ఒకరు మాత్రం 11 రూపాయలు పంపి, ‘జీతం రాగానే మళ్ళీ పంపిస్తాను’ అని రాశారు. జనం ఇవ్వరా, లేక అడగడం నాకు చేతకాలేదా అన్నది ఈ ఫోరంలో ఇలాంటి ప్రయత్నం చేసినవారు చెబితే వినాలని ఉంది.

జగదాంబ_జంక్షన్
‘మీ ఇష్టం, ఎంతో కొంత ఇవ్వండి’ అని ఆటో ఆయన అంటే మన గుండె జారుతుంది, అదే మాట పాటగాడు అంటే మనకు పండగ.

లెక్కలమాస్టారు
మీ అంకెలు చూసి మీరు కుంగిపోయినట్టున్నారు కానీ, అవి వినోదరంగంలో మరీ వింత అంకెలేమీ కావు. వందకు ఏడున్నర మంది ఇచ్చారు, ఇచ్చినవారి సగటు సరిగ్గా 155 రూపాయలు. 2007 నవంబరులో అమెరికన్ గాయకుడు సాల్ విలియమ్స్ తన ఆల్బమ్‌ను ‘ఊరికే తీసుకోండి, లేదా 5 డాలర్లు ఇచ్చి తీసుకోండి’ అని పెట్టాడు. దాన్ని నిర్మించిన ట్రెంట్ రెజ్నర్ రెండు నెలల తరువాత దాపరికం లేకుండా లెక్క బయటపెట్టాడు: 1,54,449 మంది తీసుకుంటే 5 డాలర్లు ఇచ్చినవారు 28,322 మంది, అంటే వందకు పద్దెనిమిది మంది. అంతకు కొద్ది కాలం ముందే మంచి పేరున్న బృందంతో పర్యటనలు చేసిన గాయకుడికే అంత వస్తే, మన ఊళ్ళో మొదటి ఆల్బమ్‌కు ఏడున్నర వచ్చిందంటే ఏడవనక్కరలేదు. మీ కష్టం శాతంలో లేదు, 412 అనే అంకెలో ఉంది.

శ్రుతిపెట్టె
ఈ పద్ధతి పేరెత్తగానే అందరూ ఇంగ్లండు రాక్ బృందం రేడియోహెడ్ ఉదాహరణే చెబుతారు కాబట్టి నేనే ముందు చెప్పేస్తాను. ఈఎంఐ అనే రికార్డు కంపెనీతో ఒప్పందం ముగిసిపోయాక ఆ బృందం 2007 అక్టోబరు 10న ‘ఇన్ రెయిన్‌బోస్’ ఆల్బమ్‌ను తమ సైట్లో పెట్టి ధర గడిని ఖాళీగా వదిలింది. ఆ వార్త ప్రపంచమంతా మోగింది. అయితే దాంతోపాటే ఎల్పీలు, సీడీలు, బొమ్మల పుస్తకంతో 40 పౌండ్ల పెట్టె ఒకటి అమ్మకానికి పెట్టారన్న సంగతి, డిసెంబరులో ఆ ఉచిత ద్వారం మూసేశారన్న సంగతి, తరువాత మామూలు సీడీగా దుకాణాల్లోకి పంపితే అది బ్రిటన్‌లోనూ అమెరికాలోనూ మొదటి స్థానానికి వెళ్ళిందన్న సంగతి చాలామంది చెప్పరు. ఊరికే ఇచ్చిన ఫైలు నాణ్యత కూడా 160 కేబీపీఎస్ మాత్రమే. అభిమానులు దాని మీద అప్పుడే గొణిగారు. అంటే వాళ్ళు ధర తీసేయలేదు, ధరను వేరే వస్తువు మీదికి మార్చారు. తీరంపాట గారి పేజీలో ఆ ‘వేరే వస్తువు’ ఏదీ నాకు కనిపించలేదు.

వాల్తేరు_వయొలిన్
నాకు ఈ పద్ధతి మొదటి నుంచీ నచ్చదు. 1990లలో మా గురువుగారి కచేరీ క్యాసెట్లు కళాభారతి ఆడిటోరియం గుమ్మం దగ్గర బల్ల వేసి నేనే అమ్మాను. అట్ట మీద 35 రూపాయలని అచ్చు వేసి ఉండేది. ఒక్కరూ బేరమాడలేదు, ఒక్కరూ ఇబ్బంది పడలేదు. వెల రాసి ఉంటే కొనేవాడికి పరీక్ష ఉండదు. జేబులో ఉంటే కొంటాడు, లేకపోతే నమస్కారం పెట్టి వెళ్ళిపోతాడు. ‘మీకు తోచినంత’ అనగానే అతని సంస్కారానికి పరీక్ష పెట్టినట్టవుతుంది. 50 ఇస్తే చిన్నతనం, 500 ఇవ్వడానికి మనసొప్పదు, ఆ మధ్యలో నలిగి చివరికి పేజీ మూసేస్తాడు. పైగా తన పనికి వెల తనే కట్టుకోలేని కళాకారుడికి ఇతరులు కడతారని ఆశించడం నాకు విడ్డూరంగా తోస్తుంది.

గాజువాక_గిటారు
వయొలిన్ గారితో సగమే ఏకీభవిస్తాను. 35 రూపాయల క్యాసెట్టును ఇంటికి తీసుకెళ్ళి పక్కింటివాళ్ళకు పది కాపీలు ఎక్కించి ఇచ్చిన వీధి మాది.

భీమిలి_మనవడు
వెల కట్టకపోవడం చేతకానితనమని వయొలిన్ గారు అంటే మా తాతగారు ఒప్పుకునేవారు కాదు. ఆయన హరికథకులు. ఆదిభట్ల నారాయణదాసు గారి విజయనగరం ఇక్కడికి కూతవేటు దూరం కాబట్టి ఈ చుట్టుపక్కల ఊళ్ళలో కథకు గిరాకీ ఉండేది. కథకు టికెట్టు లేదు. నడిమధ్యలో హారతి పళ్ళెం జనంలోకి వెళ్ళేది, తోచినవారు తోచినంత వేసేవారు. కానీ అసలు కిటుకు ఆ తరువాత ఉంది. ‘ఫలానా వీధి ఫలానా వారు నూట పదహారు రూపాయలు చదివించారు, వారి పిల్లాపాపలు చల్లగా ఉండాలి’ అని తాతగారు చిడతలు ఆపి, శ్రుతి తప్పకుండా చదివేవారు. అది వినగానే ఎదుటి వీధివారు కదిలేవారు. చదివింపులంటే తోచినంత ఇవ్వడమే, అయితే ఎంత తోచాలో, ఎప్పుడు తోచాలో, ఎవరి ఎదుట తోచాలో ముందే ఏర్పాటై ఉంటుంది. నూట పదహారు అనే అంకె మనకు వెల కాదు, అలాగని దానం కూడా కాదు. ఇచ్చేవాడికి ఆలోచించే శ్రమ తప్పించే అంకె అది. తీరంపాట గారూ, మీ పేజీలో డబ్బు రాసే గడిలో ముందుగా ఏ అంకె ఉంది?

తీరంపాట
సున్నా.

జగదాంబ_జంక్షన్
అయితే జనం తప్పేముంది? మీరు చెప్పిన ధరకే కొన్నారు.

సీతమ్మధార_శ్రోత
నేను వాయించేదాన్ని కాదు, వినేదాన్ని మాత్రమే, కాబట్టి అవతలి గట్టు నుంచి రెండు మాటలు. చదివింపుల ముచ్చట వినడానికి బాగుంది గానీ, మా నాన్నగారు ఒకసారి రామనవమి పందిట్లో ఐదు రూపాయలు వేస్తే ఆ అయిదునూ పేరుతో సహా మైకులో చదివారు. ఆయన మిల్లు కార్మికుడు. ఆ రోజు తరువాత ఆయన కథకు వెళ్ళినా పందిరి బయటే నిలబడి విన్నారు. పేరు చదవడం ఉన్నవాడి చేత ఇప్పిస్తుంది, లేనివాడిని బయట నిలబెడుతుంది. తీరంపాట గారికి 11 రూపాయలు పంపిన మనిషి పేరు చదివి ఉంటే అతను రెండోసారి ఆ పేజీ వైపు రాడని నా అనుమానం.

భీమిలి_మనవడు
సీతమ్మధార_శ్రోత గారి మాటకు నా దగ్గర జవాబు లేదు. ఐదూ పదీ వేసినవారిని తాతగారు విడివిడిగా చదవకుండా ‘భక్తులందరూ కలిసి’ అని ఒక్క మాటలో ముగించేవారని మా అమ్మ అంటుంది, కానీ అందరు కథకులకూ ఆ ఇంగితం ఉండి ఉండదు.

లెక్కలమాస్టారు
వయొలిన్ గారు ‘పరీక్ష’ అన్న మాటకు ఒక ప్రయోగం తోడుంది. 2010లో సైన్స్ పత్రికలో అచ్చయింది. ఒక వినోదపు పార్కులో రైడు ఎక్కి దిగినవారికి వారి ఫోటోను అమ్ముతూ లక్షా పదమూడు వేల మందికి పైగా జనం మీద ధరలు మార్చి చూశారు. మామూలు ధర 12.95 డాలర్లు అన్నప్పుడు కొన్నవారు వందకు అర మనిషి. ‘మీకు తోచినంత’ అనగానే 8.4 మంది కొన్నారు, కానీ సగటున 92 సెంట్లే ఇచ్చారు. ‘మీకు తోచినంత, అందులో సగం సేవాసంస్థకు’ అన్నప్పుడు కొన్నవారు 4.5 మందికి తగ్గారు, సగటు మాత్రం 5.33 డాలర్లకు ఎగిరింది. తక్కువ ఇవ్వడం నామోషీ అనుకున్నవారు అసలు కొనకుండానే తప్పుకున్నారన్నమాట, ఇది అచ్చంగా వయొలిన్ గారు చెప్పినదే. అయినా గుణించి చూడండి. వందమందికి ఉత్త ‘తోచినంత’ పద్ధతిలో దాదాపు 7.70 డాలర్లు వస్తే, సేవాసంస్థను జోడించిన పద్ధతిలో 24 వచ్చాయి. సగం సేవకు పోయినా 12 మిగిలాయి.

వాల్తేరు_వయొలిన్
నా మాట లెక్కతో రుజువైనందుకు సంతోషించాలో, దాని ఫలితం నాకు వ్యతిరేకంగా వచ్చినందుకు చింతించాలో తెలియడం లేదు.

మద్దిలపాలెం_మృదంగం
ఇంతసేపూ ఇచ్చేవారి గురించే మాట్లాడుకుంటున్నారు. పక్కన కూర్చుని వాయించినవాడి సంగతి ఎవరూ అడగలేదు. మూడేళ్ళ కిందట ఒక గాయకుడు నన్ను పిలిచి, ‘ఆల్బమ్‌ను జనం ఇష్టానికి వదిలేస్తున్నాం, వచ్చినదాంట్లో మీకు పదిహేను శాతం’ అన్నాడు. నాలుగు పాటలకు రెండు రోజులు గోపాలపట్నం నుంచి స్టూడియోకు మృదంగం మోసుకుని తిరిగాను. ఏడాది తరువాత నా వాటా 212 రూపాయలు. ఉదారంగా ఇచ్చేయాలనుకునే హక్కు పాట రాసి, పాడి, పేరు వేసుకున్నవాడికి ఉండొచ్చు. నా రెండు రోజుల కూలిని ఉదారంగా ఇచ్చే హక్కు అతనికి ఎవరిచ్చారు? వాయించినవారికి ముందే చేతిలో డబ్బు పెట్టి, ఆపైన మీ ఇష్టమొచ్చిన ధర పెట్టుకోండి, నేను కూడా చప్పట్లు కొడతాను.

తీరంపాట
మృదంగం గారూ, ఈ విషయంలో మాత్రం నా మనసు నిమ్మళంగా ఉంది. 68,000లో 26,000 తబలా, వేణువు, తంబురా శ్రుతి చూసుకున్నవారికి రికార్డింగు రోజునే ఇచ్చేశాను. వాటాల మాట నేను ఎత్తలేదు. వేణువు వాయించిన అబ్బాయి వాటా కావాలని తనే అడిగాడు, వద్దని చెప్పి డబ్బే ఇచ్చాను. ఇప్పుడు అతను నాకు రోజూ కృతజ్ఞతలు చెబుతున్నాడు.

సీతమ్మధార_శ్రోత
తీరంపాట గారి పేజీని ఇప్పుడే తెరిచి, నిజంగా కొనాలనే ప్రయత్నించాను. క్యూఆర్ కోడ్ స్కాన్ చేస్తే మీ బృందం పేరు రాలేదు, ఎవరో పెద్దాయన పేరు, ఇంటిపేరుతో సహా వచ్చింది. సైబర్ మోసాల గురించి బ్యాంకువాళ్ళు వారానికొక సందేశం పంపుతున్న రోజుల్లో ఎవరిదో తెలియని ఖాతాకు డబ్బు పంపాలంటే చెయ్యి ఆగుతుంది. సరే, తెగించి 150 పంపాను. పంపాక పాటలు రాలేదు. ‘స్క్రీన్‌షాట్ వాట్సాప్ చేయండి, లింకు పంపుతాం’ అని అడుగున చిన్న అక్షరాల్లో ఉంది. అదే సున్నా నొక్కినవారికి లింకు వెంటనే వస్తోంది! డబ్బు ఇచ్చినవాడిని వరుసలో నిలబెట్టి, ఇవ్వనివాడిని నేరుగా లోపలికి పంపే దుకాణాన్ని నేను ఇంతవరకు చూడలేదు.

గాజువాక_గిటారు
దొంగ ఇక్కడ దొరికాడు.

తీరంపాట
ఆ పెద్దాయన మా నాన్నగారు. నా ఖాతా వేరే ఊరి బ్రాంచిలో ఉండి ఫోన్ నంబరు మారడం వల్ల తాత్కాలికంగా ఆయనది పెట్టి, ఆ తరువాత మరిచిపోయాను. ఇప్పుడు ఆలోచిస్తే ఆయన కూడా నాలుగుసార్లు ‘నా ఖాతాలోకి ఎవరో యాభయ్యేసి రూపాయలు వేస్తున్నారు, పోలీసులకు చెప్పాలా’ అని అడిగారు. మీ లింకు పంపించాను, ఆలస్యానికి మన్నించండి.

బొబ్బిలి_టు_డాలస్
క్యూఆర్ కోడ్ మార్చినా నాలాంటివారికి ఉపయోగం లేదు, ఇక్కడి బ్యాంకు ఖాతాల నుంచి మేం పంపలేం. బయటిదేశాల శ్రోతల కోసం, కళాకారులు నేరుగా పాటలు అమ్ముకునే సైటు బ్యాండ్‌క్యాంప్‌లో కూడా పెట్టండి. అక్కడ ధర గడిలో కనీస మొత్తం మీరే పెట్టుకోవచ్చు, ఇష్టమున్నవారు దానికి మించి ఇవ్వొచ్చు. డిజిటల్ అమ్మకం మీద వాళ్ళు 15 శాతం తీసుకుంటారు, అమ్మకం 5,000 డాలర్లు దాటాక 10 శాతం. 2020 మార్చిలో కరోనాతో కచేరీలు ఆగిపోయినప్పుడు కొన్ని శుక్రవారాలు తమ వాటా వదులుకోవడం మొదలుపెట్టారు, నేను నా కొనుగోళ్ళన్నీ ఆ శుక్రవారాలకే దాచుకుంటాను. ఒక చిక్కు గుర్తుంచుకోండి. ఆ డబ్బు పేపాల్ అనే ఆన్‌లైన్ చెల్లింపుల సేవ ద్వారా చేరుతుంది. పేపాల్ 2021 ఏప్రిల్ 1 నుంచి భారతదేశం లోపలి చెల్లింపుల సేవను ఆపేసింది. కాబట్టి ఆ తలుపు మాకు, క్యూఆర్ తలుపు మీ ఊరివారికి. ఇంకొక మాట, అక్కడ కొన్నవారి బొమ్మలు ఆల్బమ్ పేజీ మీదే కనిపిస్తాయి, ఎంత ఇచ్చారన్నది మాత్రం కనిపించదు. సీతమ్మధార_శ్రోత గారి నాన్నగారు పందిరి లోపలే కూర్చోగలిగే చదివింపు అది.

సీతమ్మధార_శ్రోత
పేరు చదివి అంకె చదవకపోవడం. ఇది నాకు నచ్చింది.

కాగితాల_పులి
ధర సంగతి ఎలా ఉన్నా ఒక హెచ్చరిక. మీ ఏడింటిలో రెండు అన్నమయ్య కీర్తనలు కనిపించాయి. సాహిత్యం ఎవరి సొత్తూ కాదు. కానీ ఆ కీర్తనల్లో చాలావాటికి ఇప్పుడు మనం వింటున్న వరుసలు ఇరవయ్యో శతాబ్దంలో రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మ గారు, మన ఊళ్ళోనే జీవించిన నేదునూరి కృష్ణమూర్తి గారు వంటి పెద్దలు కట్టినవి. మన కాపీరైట్ చట్టంలో స్వరరచన మీద హక్కు కర్త మరణించాక కూడా 60 ఏళ్ళు ఉంటుంది. నేదునూరి వారు కన్నుమూసింది 2014లో. ‘నేను అమ్మడం లేదు, తోచినంత అడుగుతున్నాను’ అనే మాట అక్కడ చెల్లదు. పాత రికార్డింగును మళ్ళీ పాడి విడుదల చేయడానికి చట్టంలో సెక్షన్ 31సీ అనే దారి ఉంది గానీ, దానికి ఏటా కనీసం 50,000 ప్రతుల లెక్కన రాయల్టీ ముందే కట్టాలి. 412 డౌన్‌లోడ్ల ఆల్బమ్‌కు అది గుదిబండ. వరుస ఎవరిదో తేల్చుకుని హక్కుదారుల అనుమతి రాతపూర్వకంగా తీసుకోండి.

తీరంపాట
వాటిలో ఒకదానికి వరుస నేనే కట్టాను. రెండోది నేర్పిన గురువుగారి వరుస. ఆయన నోటిమాటగా సరేనన్నారు, ఈ వారమే వెళ్ళి కాగితం మీద సంతకం అడుగుతాను. కాఫీ ఇస్తారు, సంతకం ఇస్తారో లేదో తెలియదు.

శ్రుతిపెట్టె
నేను ముందు చెప్పిన ‘వేరే వస్తువు’ గురించి ఒక్క ఉదాహరణ చెప్పి ఊరుకుంటాను. నైన్ ఇంచ్ నెయిల్స్ అనే అమెరికన్ రాక్ బృందం 2008 మార్చిలో ‘ఘోస్ట్స్’ ఆల్బమ్ విడుదల చేసినప్పుడు 36 ముక్కల్లో 9 ఊరికే ఇచ్చింది. మొత్తం కావాలంటే 5 డాలర్లు, సీడీలైతే 10, పెద్ద అట్టపెట్టె 75, సంతకం చేసిన 2,500 పెట్టెలు ఒక్కొక్కటి 300. ఆ 2,500 పెట్టెలూ చెల్లిపోయాయి. అవొక్కటే ఏడున్నర లక్షల డాలర్లు. మొదటి వారం మొత్తం రాబడి 16 లక్షల డాలర్లని ప్రకటించారు కాబట్టి, దాదాపు సగం ఆ కాసిని మంది వీరాభిమానుల నుంచే వచ్చిందన్నమాట. మీరు 300 డాలర్ల పెట్టె చేయలేరు, సరే. ఏడు పాటల సాహిత్యం చేతిరాతతో, స్వరాలతో కుట్టిన చిన్న పుస్తకం 40 ప్రతులు చేసి, ఒక్కొక్కటి 500 అనండి. ఎంవీపీ కాలనీ మిత్రులు దాన్ని గోడంత టీవీ పక్కన పెట్టుకుంటారు.

గాజువాక_గిటారు
భీమిలి_మనవడు గారి చదివింపులు మాకు పోయిన సంక్రాంతికి అనుకోకుండా జరిగాయి. బీచ్ రోడ్డు పక్కన సాయంత్రం నలుగురం వాయిస్తుంటే, పక్కన టీ అమ్మే అన్నయ్య జాలిపడి తన సౌండ్‌బాక్స్‌నూ క్యూఆర్ అట్టనూ గంటసేపు మాకు ఇచ్చాడు, లెక్క తరువాత చూసుకుందాం అన్నాడు. మొదటి పాట అనుపల్లవిలో ఉండగా ఆ డబ్బా ‘ఇరవై రూపాయలు అందాయి’ అని గట్టిగా అరిచింది. జనం నవ్వారు. అర నిమిషంలో యాభై. ఆ తరువాత వంద. ఎవరు వేశారో డబ్బా చెప్పదు, ఎంత వేశారో మాత్రం చెబుతుంది, దాంతో పిల్లలు పందెం వేసుకుని మరీ ఒక్కొక్క రూపాయి పంపడం మొదలుపెట్టారు. ఒక చరణంలో పదకొండుసార్లు ‘ఒక రూపాయి అందింది’ అని వినిపించింది. మా డ్రమ్మరు దానికే తాళం కట్టాడు. యూపీఐ మీద రుసుము లేదు కాబట్టి ఆ రూపాయిలు కూడా పూర్తిగా మా చేతికి వచ్చాయి. రేడియోహెడ్‌వాళ్ళు ఒక్కొక్క కొనుగోలుకు కార్డు ఖర్చుల కింద 45 పెన్నీలు వసూలు చేశారని చదివాను. మన 11 రూపాయల అభిమాని అక్కడ పుట్టి ఉంటే ఆ ఖర్చుకే సరిపోయేవాడు కాదు. ఆ గంటలో 1,940 వచ్చింది, అందులో 180 టీలవని తేలింది.

వాల్తేరు_వయొలిన్
అనుపల్లవి మధ్యలో అరిచే డబ్బాను నా కచేరీలోకి రానివ్వను. అయితే పాట చెవిలో ఉన్నప్పుడే అడగాలన్నది మాత్రం నిజం. మేం క్యాసెట్ల బల్లను లోపలికి వెళ్ళే దారిలో కాకుండా బయటికి వచ్చే దారిలో వేసేవాళ్ళం.

భీమిలి_మనవడు
వయొలిన్ గారూ, పాట విన్నాక ఇవ్వడానికి కూడా ఒక పాత దారి ఉంది. కెనడా గాయని జేన్ సిబెర్రీ 2005లోనే తన సైట్లో పాటను ఊరికే తీసుకోవడం, ఇప్పుడే తోచినంత ఇవ్వడం, విని తరువాత ఇవ్వడం, మామూలు ధరకు కొనడం అని నాలుగు దారులు పెట్టింది. ఆ మూడోది మీ బయటికి వచ్చే దారిలోని బల్లే.

తీరంపాట
ఈ పూట చేసినవి చెబుతున్నాను. క్యూఆర్ నా పేరున, బృందం పేరు కనిపించేలా మారింది. నాన్నగారు ఊపిరి పీల్చుకున్నారు. గడిలో 116 ముందే రాసి ఉంటుంది, దాన్ని చెరిపి సున్నా రాసుకునే స్వేచ్ఛ అలాగే ఉంది. డబ్బు అందగానే లింకు దానంతటదే వెళ్ళే ఏర్పాటు మా తమ్ముడు చేశాడు. పదిహేను రోజుల తరువాత, డౌన్‌లోడ్ చేసుకున్నవారికి ఒక్కటంటే ఒక్క ఉత్తరం వెళుతుంది, ‘విన్నారా, ఇప్పుడు ఏమైనా తోచిందా’ అని. ఇచ్చినవారి పేర్లు, వారు సరేనంటేనే, అంకెలు లేకుండా పేజీ అడుగున వేస్తాను. చేతిరాత పుస్తకం సంగతి మాత్రం ఆలోచించాలి, నా దస్తూరీ మా గురువుగారికి తప్ప ఎవరికీ అర్థం కాదు.

జగదాంబ_జంక్షన్
116 చూసి చెరపబోయాను. మా అమ్మ పక్కనే కూర్చుని ఉంది. పంపేశాను.

వాల్తేరు_వయొలిన్
నాకు తోచినంత ఇవ్వడం రాదు కాబట్టి, ఏడు పాటల ఆల్బమ్‌కు నేను వేసుకున్న వెల 350, అంతే పంపాను. పేరు ఎక్కడా వేయవద్దు. ఐదో పాట రెండో చరణంలో వేణువు శ్రుతి కాస్త కిందికి జారింది. దానికి ఏమీ మినహాయించుకోలేదు.